ముప్పై దరఖాస్తులు వద్దు, తల్లీ

లీడ్స్

చిట్టితల్లీ,

ట్రైనింగ్ కాంట్రాక్ట్ కోసం, అంటే సొలిసిటర్ (కక్షిదారులకు సలహాలిచ్చి, పత్రాలు చూసే న్యాయవాది) కావడానికి న్యాయ సంస్థలో ట్రైనీగా చేసే రెండేళ్ల శిక్షణ కోసం, నువ్వు పంపిన పట్టిక చూశాను. ముప్పై న్యాయ సంస్థలు, ప్రతిదానికీ గడువు తేదీ, రంగురంగుల గడులు. ఎంత శ్రమపడ్డావో తెలుస్తూనే ఉంది. కానీ దాంతోపాటు పంపిన, దరఖాస్తు ప్రశ్నలకు రాసిన జవాబులు చదివాక ఈ మాట చెప్పక తప్పదు: ముప్పై వద్దు. ఎనిమిది చాలు, మహా అయితే పది.

స్లాటర్ అండ్ మేకు రాసిన జవాబూ, కిర్క్‌లాండ్ అండ్ ఎల్లిస్‌కు రాసిన జవాబూ పక్కపక్కన పెట్టుకుని చదువు. రెండింటిలోనూ ‘మీ అంతర్జాతీయ స్థాయి నన్ను ఆకట్టుకుంది’ అని ఉంది. స్లాటర్ అండ్ మేకు లండన్ కాక బీజింగ్, బ్రసెల్స్, హాంకాంగ్‌లలోనే కార్యాలయాలున్నాయి. మిగతా దేశాల్లో పని పడితే అక్కడి స్వతంత్ర సంస్థలతో కలిసి చేస్తుంది. కిర్క్‌లాండ్ షికాగోలో పుట్టిన సంస్థ. ప్రైవేట్ ఈక్విటీ నిధుల (మదుపరుల డబ్బుతో కంపెనీలను కొని, తర్వాత అమ్మే నిధుల) తరఫున కంపెనీల కొనుగోళ్లు, అమ్మకాలు చూడటంలో దానికి పెద్ద పేరు. ఇంత తేడా ఉన్న రెండు చోట్లకూ ఒకే వాక్యం ఎలా సరిపోతుంది? మా న్యాయ సంస్థలో దరఖాస్తులు చదివేవాళ్లలో నేనూ ఉన్నాను కదా, అలాంటి వాక్యం తగలగానే కన్ను దానంతట అదే కింది పేరాకు జారిపోతుంది. ఇంకోటి, నీ పట్టికలో ‘అలెన్ అండ్ ఓవరీ’ అని ఉంది. 2024 మే 1న అది షెర్మన్ అండ్ స్టెర్లింగ్‌తో కలిసి ఏ అండ్ ఓ షెర్మన్ అయింది. వెంటనే దిద్దుకో.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. డిబేటింగ్ క్లబ్ గురించి ఒక పేరా మొత్తం రాశావు. రెండేళ్లు శనివారాలు మందుల షాపులో చేసిన పనిని మాత్రం ‘వారాంతపు ఉద్యోగం’ అని రెండు మాటల్లో తేల్చేశావు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరి మందుల చీటీలు కలిసిపోతే, పుట్టిన తేదీ తేడా చూసి సంచీ ఇవ్వకుండా ఆపి, ఫార్మసిస్టును పిలిచింది నువ్వే కదా! వెనక పెద్ద క్యూ ఉంది, ముందున్నాయన విసుక్కుంటున్నాడు, అయినా ఆపావు. ఆరోజు ఇంటికొచ్చి చెప్పినప్పుడు మీ నాన్నా నేనూ ఎంత మురిసిపోయామో నీకు తెలియదు.

ట్రైనీ చేసేది అచ్చం అలాంటి పనే. ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొంటోందంటే, అమ్మే కంపెనీ కుదుర్చుకున్న ఒప్పందాలన్నీ డేటా రూమ్‌లో, అంటే కొనేవాళ్ల లాయర్లు చూడటానికి ఆన్‌లైన్‌లో తెరిచిన ఒక చోట, పెడతారు. వాటిని వరసగా చదివి, ‘యాజమాన్యం మారితే ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు’ అన్న షరతు ఎక్కడ దాగి ఉందో పట్టుకోవాలి. సాయంత్రం ఏడు దాటాక, ఎనభయ్యో ఒప్పందంలో కూడా, మొదటిదాంట్లో ఉన్నంత శ్రద్ధతో చూడాలి. కనిపించాక సీనియర్ దగ్గరికి వెళ్లి జంకకుండా చెప్పాలి. రెండేళ్లలో ఆరునెలలకో విభాగం చొప్పున నాలుగు విభాగాలు తిరిగినా, అన్నిచోట్లా అడిగేది ఈ గుణాన్నే. అది నీలో ఉందని చూపే సంఘటన నీ చేతిలో ఉండగా డిబేట్ కప్పు గురించి ఎందుకు, తల్లీ? చీటీ సంగతి రాయి. ఏం చూశావో, ఏం అనుకున్నావో, ఏం చేశావో రాయి. విశేషణాలు అక్కర్లేదు.

న్యాయ సంస్థలు తర్కబుద్ధిని చూడటానికి పెట్టే వాట్సన్ గ్లేజర్ పరీక్షలో మార్కులు తగ్గాయని దిగులుపడ్డావు. నువ్వు పంపిన తప్పులు చూస్తే చాలావరకు ఇన్ఫరెన్స్ భాగంలోవే, అంటే ఇచ్చిన పేరానుంచి ఏం తేల్చవచ్చో అడిగే భాగంలోవే. అక్కడ ‘నిజం’, ‘బహుశా నిజం’, ‘సమాచారం చాలదు’, ‘బహుశా అబద్ధం’, ‘అబద్ధం’ అని అయిదు జవాబులుంటాయి. నువ్వు పేరాలో లేనిదాన్ని నీ లోకజ్ఞానంతో నింపుతున్నావు. పేరాలో ఉన్నదాన్నే పట్టుకుని, ‘సమాచారం చాలదు’ అనడానికి మొహమాటపడకు. పక్కన గడియారం లేకుండా ముందు నెమ్మదిగా సాధన చెయ్యి.

గడువు తేదీలను మాత్రం నమ్ముకోకు. కొన్ని సంస్థలు దరఖాస్తులు అందుతున్నకొద్దీ చూసి ఇంటర్వ్యూలకు పిలుస్తాయి, చివరి వారానికి ఖాళీలు తగ్గిపోతాయి. నువ్వు లా రెండో ఏడాదిలో ఉన్నావు కాబట్టి ముందు వెకేషన్ స్కీములకే, అంటే సెలవుల్లో సంస్థలో కొద్ది వారాలు పనిచేసే అవకాశాలకే, పెట్టు. చాలాచోట్ల ఆ కొద్ది వారాలు పనిచేసినవాళ్లనుంచే ట్రైనీలను ఎంచుకుంటారు.

తాతయ్య చనిపోయిన ఏడాది ఏ-లెవెల్స్‌లో (యూనివర్సిటీకి ముందు రాసే స్కూలు చివరి పరీక్షల్లో) తగ్గిన ఆ గ్రేడు గురించి అడిగావు. దాచకు. ప్రత్యేక పరిస్థితులు రాసుకోవడానికి దరఖాస్తులో చోటిస్తారు. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో రెండు మూడు వాక్యాల్లో రాయి. జాలి కోరుతున్నట్టు ఉంటుందేమోనని వెనకాడకు, జరిగింది జరిగినట్టు చెప్పడంలో చిన్నతనమేమీ లేదు.

ఈ ఏడాది ఎక్కడా రాకపోతే? 2021లో ఎస్‌క్యూఈ, అంటే సొలిసిటర్ అర్హత పరీక్షలు, వచ్చినప్పటినుంచి ట్రైనింగ్ కాంట్రాక్ట్ లేకుండానే సొలిసిటర్ కావచ్చు. ఆ పరీక్షలతోపాటు కావలసిన రెండేళ్ల పని అనుభవాన్ని గరిష్ఠంగా నాలుగు చోట్ల కలిపి చూపించవచ్చు. పారాలీగల్ (లాయర్లకు సహాయకురాలి) ఉద్యోగమైనా, ఉచిత సలహాలిచ్చే లా క్లినిక్‌లో చేసిన పనైనా లెక్కలోకి వస్తుంది, ఒక సొలిసిటర్ ధ్రువీకరిస్తే సరి. కాకపోతే పెద్ద సంస్థలు చదువు ఖర్చు భరిస్తాయి, ఈ దారిలో మనమే పెట్టుకోవాలి. పరీక్షల రుసుమే నాలుగు వేల పౌండ్లు దాటుతుంది. ఆ సంగతి మీ నాన్న, నేను ఇప్పటికే మాట్లాడుకున్నాం, నువ్వు దాని గురించి ఆలోచించకు.

ఆదివారంలోగా ఎనిమిది పేర్లు ఎంచుకుని, ఏవైనా రెండింటికి జవాబులు మళ్లీ రాసి పంపు. నేను తిరగరాయను, చదువుతుంటే నాకు వచ్చిన ప్రశ్నలు మాత్రం పక్కన రాసి పంపుతాను. ల్యాండ్ లా వ్యాసం గడువు గురువారమే అన్నావు, ముందు అది పూర్తి చెయ్యి.

ప్రేమతో,
అమ్మ