కమాన్లు విప్పే ముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

నీ బండి ఫోటో చూశాను. వెనక ఎడమ పక్క కమాన్ కట్ట, అదే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు, వంపంతా పోయి బల్లపరుపుగా అయిపోయింది. కొత్తవి తెచ్చి ఇంట్లోనే మార్చేస్తానన్నావు కదా, భేషుగ్గా మార్చొచ్చు. కాకపోతే ఒకటి ముందే తెలుసుకో. కొత్త కమాన్ ఎక్కించడం పెద్ద పనేం కాదు, కమాన్ కొసల్ని పట్టి ఉంచే, తుప్పు పట్టి బిగుసుకుపోయిన పాత పిన్నుల్ని ఊడదీయడమే అసలు పని.

ముందు కొలతలు తీసుకో. బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు చోట్లా టేపు పెట్టి రాసుకో. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా అందులో కలిసిపోతాయి. ఆ తర్వాత పట్టీల మీది మట్టంతా బ్రష్‌తో రుద్ది, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్ట్ చుట్టూ, చిన్న పట్టీల కొసల దగ్గర పగుళ్లున్నాయేమో టార్చి వేసి చూడు. యాక్సిల్ (ఇరుసు) మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు నలిగి ఉంటే యాక్సిల్ వచ్చి దానికి కొట్టుకుంటోందని అర్థం. బండి ఒరిగినంత మాత్రాన తప్పంతా ఆ మూలదే అనుకోకు. ఒక్కోసారి ముందు కమాన్ దిగిపోతే వెనక ఒరిగినట్టు కనబడుతుంది. కమాన్ ఒక కొసని ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, కలిపే ఊగే పట్టీని షాకిల్ అంటారు; అది కదలకుండా పట్టేసినా అంతే.

పాత పట్టీల్నే కాల్చి వంచిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. కాల్చితే ఉక్కు పదును పోతుంది, మళ్లీ దిగుతుంది. ఒక్క పక్కే మార్చే ఆలోచన కూడా వద్దు, ఒక యాక్సిల్‌కి రెండూ కలిపే మార్చాలి. కొనేటప్పుడు నువ్వు నిజంగా ఎంత బరువు వేస్తావో ఆలోచించుకో. రోజూ ఖాళీగా తిరిగే బండికి భారీ లోడు కమాన్లు వేస్తే చిన్న గతుక్కి కూడా వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. గట్టి కమాన్ అంటే మంచి కమాన్ అనుకునే వాళ్లే ఎక్కువ, ఏం చేస్తాం!

సామాను సంగతి. కమాన్లు రెండు, కమాన్‌ని యాక్సిల్‌కి కట్టే యూ బోల్టులు నాలుగు, నట్లు ఎనిమిది. యూ బోల్టులు కొత్తవే వెయ్యి. పాతవి ఒకసారి సాగి ఉంటాయి, మళ్లీ బిగిస్తే పట్టు నిలవదు. పిన్నుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు ఒక్కో పక్క మూడు చోట్ల ఉంటాయి: కమాన్ రెండు కళ్లలో (కొసల్లోని గుండ్రటి రంధ్రాల్లో), షాకిల్ పైభాగాన ఛాసిస్‌లో. రెండు ముక్కల రకమైతే రెండు పక్కలకీ కలిపి పన్నెండు ముక్కలు. పిన్నులు, షాకిల్ పట్టీలు కూడా దగ్గర పెట్టుకో, పాతవి గాట్లు పడి ఉంటే మళ్లీ పనికిరావు. కొత్త కమాన్‌ని పాతదాని పక్కన పెట్టి, కన్ను నుంచి సెంటర్ బోల్ట్ దాకా రెండు వైపులా కొలువు. చాలా బండ్లకి ఆ బోల్ట్ సరిగ్గా మధ్యలో ఉండదు. తిప్పి వేశావంటే యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగిపోతుంది.

పనికి రెండు మూడు రోజుల ముందు నుంచే నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండు. పని రోజున చక్రం నట్లు నేల మీద ఉండగానే వదులు చేసి, ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టు. హ్యాండ్ బ్రేక్‌ని నమ్ముకోకు. కొన్ని పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకి అది ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పనిచేస్తుంది. వెనక ఒక్క చక్రం లేపినా చాలు, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ తిరిగిపోయి బండి కదులుతుంది. స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టు, జాకీ యాక్సిల్ కింద ఉంచు. జాకీని మెల్లగా దించుతూ, షాకిల్ చేత్తో ఊపితే కదిలే స్థితికి తీసుకురా. అప్పుడు కమాన్ మీద బరువు లేనట్టు. షాక్ అబ్జార్బర్ కింది బోల్ట్ తీసెయ్. యాక్సిల్ బరువు బ్రేక్ గొట్టం మీద వేలాడకుండా చూసుకో.

ఒక పక్క పూర్తయ్యే దాకా రెండో పక్క ముట్టుకోకు, యాక్సిల్‌ని పట్టి ఉంచేది అదే. యూ బోల్టులు రాకపోతే గ్రైండర్‌తో కోసెయ్, కానీ బ్రేక్ పైపు, ఇంధనం పైపు ఎటు పోతున్నాయో ముందు చూసుకో. ట్యాంకు దగ్గరైతే నిప్పురవ్వలు వద్దు, హాక్సా బ్లేడే వాడు. పిన్ను బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోతే సుత్తితో బాదినా రాదు, రబ్బరు సాగి ఊరుకుంటుంది. కమాన్ కన్నుకీ, దాన్ని ఛాసిస్‌కి పట్టే హ్యాంగర్‌కీ మధ్య సందులో బ్లేడు దూర్చి పిన్నునే కోసెయ్. షాకిల్ వైపు ముందు విప్పి, చివరి పిన్ను తీసేటప్పుడు ఎవరినైనా సాయం పట్టుకోమను. కట్ట బరువు మామూలుగా ఉండదు.

కొత్తది ముందు స్థిరంగా ఉండే కొసకి తగిలించి, తర్వాత షాకిల్‌కి పట్టించు. కొత్త కమాన్‌కి వంపు ఎక్కువ కాబట్టి కొసలు దగ్గరగా ఉంటాయి. షాకిల్ తలకిందులుగా మడత పడకుండా చూడు. ఇక్కడ కళ్లు పెట్టి చూడాల్సింది సెంటర్ బోల్ట్ తల. అది యాక్సిల్ సీటు గుంటలో పూర్తిగా కూర్చోవాలి. అంచు మీద నిలబడి ఉండగా యూ బోల్టులు బిగిస్తే బండి తిన్నగా పోకుండా పక్కవాటుగా నడుస్తుంది. కూర్చోకపోతే బెల్ట్ కట్టి యాక్సిల్‌ని లాగు. యూ బోల్టు నట్లని ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) తీసుకురా. నాలుగు కొసల్లోనూ బయటికొచ్చిన మరలు సమానంగా ఉండాలి.

పిన్నుల నట్లు మాత్రం చేత్తో తిప్పినంతే ఉంచు. బండి చక్రాల మీద నిలబడి, రెండు మూడుసార్లు నొక్కి ఊపాకే బిగించు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టేసుకుంటుంది. బండి కిందికి దిగగానే మెలితిరిగి నిలుస్తుంది, త్వరలోనే చీలుతుంది. అప్పటిదాకా బండి ఉండాల్సిన దానికన్నా ఎత్తుగా, గట్టిగా అనిపిస్తుంది. కొత్త కమాన్లు బాగాలేవని తిట్టుకునే వాళ్లలో చాలామంది ఇక్కడే తప్పు చేసి ఉంటారు.

వెనక బ్రేక్‌కి లోడు చూసుకునే వాల్వ్ ఉంటే దాని కడ్డీ సరిచెయ్యడం మర్చిపోకు. బండి ఎత్తు పెరిగితే లోడు లేదనుకుని వెనక బ్రేక్ తగ్గించేస్తుంది. షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగినప్పుడు పొడవు చాలుతోందో లేదో కూడా చూడు. 100 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూడు, 500కి ఇంకోసారి. కొత్త కమాన్లు మొదట్లో కాస్త దిగుతాయి, కాబట్టి హెడ్‌లైట్లు ఆ తర్వాతే సరిచెయ్యి. అప్పుడే మళ్లీ నాలుగు చోట్లా కొలిచి ఆ అంకెలు నాకు పంపు.

ఉంటాను మరి.