కోటా అంటే రాజస్థాన్ కాదు సార్!

సంపాదకుడు గారికి,

అయ్యా, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచా వైపు బడిపిల్లల శిలాజ యాత్ర 'విజయవంతం' అని మీ పేపర్లో ఫోటోతో సహా వేసి పది రోజులైంది. ఆ ఫోటోలో వెనక వరసలో గొడుగు పట్టుకుని నిలబడ్డది నేనే. మనవరాలికి తోడుగా వెళ్లాను. అందులో కోటా ఊరు రాజస్థాన్‌లో ఉందని తప్పు రాశారు. సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను. వెయ్యలేదు, అందుకే ఈ ఉత్తరం.

మొదటి రోజు వడదంలో శిలాజ వృక్షాలు. అక్కడ గంటసేపు ఉపన్యాసాలు, శాలువాలు. చెట్లు చూడ్డానికి మాత్రం ఇరవై నిమిషాలు! రాయైపోయిన మొద్దు మీద చెక్క నార గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. వేలితో రాస్తే గరుకు తెలుస్తుంది, నీడపట్టున ఉన్న వైపు చల్లగా ఉంటుంది. మా పిల్ల దాని మీద చెవి ఆనించి కూర్చుంది. అంతలోనే విజిల్ వేసి బస్సెక్కించారు.

మర్నాడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడున్న కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం కింద నిలబడి, నిర్వాహకులు తెచ్చిన గైడు, కాగితం చూసి హిందీలో చదివాడు. 'కోటా' ఎక్కడని ఓ పిల్లాడు అడిగితే "రాజస్థాన్" అన్నాడు. మీ విలేఖరి అదే రాసుకున్నాడు, మీరు అదే అచ్చేశారు.

అయ్యా, కోటా మా సిరొంచా తాలూకా ఊరు, ప్రాణహిత ఒడ్డున ఉంది. అక్కడి చేప శిలాజాల గురించి 1851లోనే లండన్‌లో వ్యాసం అచ్చయింది. అక్కడి రాతి పొరలకు 'కోటా ఫార్మేషన్' అని పేరు పెట్టిందే ఈ ఊరిని బట్టి. కోటాసారస్ దొరికిన యామన్‌పల్లి నదికి అవతల, పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. అడిగిన పిల్లాడి అమ్మమ్మది కోటానే. గైడు అంత గట్టిగా చెప్పేసరికి వాడు ఇంకేం మాట్లాడలేదు.

కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఇంకో డైనోసార్, బారాపాసారస్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అదీ మన ప్రాణహిత-గోదావరి లోయదే. పోచంపల్లి దగ్గర దొరికింది (చీరల పోచంపల్లి కాదు, మళ్లీ అదొకటి వేసేరు!). ఆరు జంతువులకు తక్కువ కాకుండా సుమారు 300 ఎముకలు దొరికాయి, తల మాత్రం దొరకలేదు. మనిషి నిలువంత తొడ ఎముక చూసి 'బారా పా', అంటే 'పెద్ద కాలు' అని పేరు పెట్టారట. తవ్వకాలు జరిగిన కాలంలోనే 1961లో టాగోర్ శతజయంతి వచ్చింది కాబట్టి ఆయన పేరూ కలిపారు. ఎముకలు ఎటూ వెళ్లిపోయాయి. కనీసం ఒక నమూనా చేయించి ఇక్కడ పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదా?

రాదు లెండి. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు కానీ, మాకు జిల్లా కేంద్రం ఇప్పటికీ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నాగ్‌పూర్ నుంచి వచ్చే పెద్దమనుషులకు గడ్చిరోలి అంటే నక్సలైట్లు, పోలీసు క్యాంపులు తప్ప ఇంకేం గుర్తుకు రాదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, యాత్రలో హిందీ, బోర్డు మీద ఇంగ్లీషు. పిల్లలకు ఏం ఎక్కుతుంది? మా నాన్న ఈ ఎముకలను 'రాకాసి బొక్కలు' అనేవాడు. చదువు లేకపోయినా ఎక్కడివో మాత్రం ఆయనకు తెలుసు.

తలకు ఇంతని ఫీజు కట్టించుకున్నారు. అందులో ఒక శాలువా తగ్గించుకున్నా, తెలుగొచ్చి ఇక్కడి సంగతి తెలిసిన మనిషిని ఒకణ్ణి బస్సెక్కించి ఉండొచ్చు. నిర్వాహకులను అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

మీరైనా వచ్చే ఏడు దాకా ఆగకండి. ఆ సవరణ చిన్న అక్షరాల్లోనైనా సరే, వెయ్యండి. కత్తిరించి ఆ పిల్లాడికివ్వాలి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
సిరొంచా