పాత కారు వణికితే ఇంజిన్ దింపేయడమేనా? ముందు మౌంటింగులు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు పాత కార్ల రిపేరు షెడ్డు నడుపుతా ఉన్నాను సార్. మీ పేపర్ రోజూ షెడ్డుకి వస్తాది, పొద్దున్నే నేను చదివినాక పని నేర్చుకునే పిల్లోళ్ళు చదువుతారు. పాత బండ్ల వల్ల పొగ అని, పాత బండ్లు ఘాట్‌లో ఆగిపోతే వెనకాల ట్రాఫిక్ అంతా నిలిచిపోతా ఉందని రాస్తా ఉంటారు, రాయండి, అందులో తప్పేం లేదు, కానీ ఆ పాత బండినే నమ్ముకుని ఇల్లు గడుపుకునే వాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి కూడా మీ పేపర్లో పడాలని చాన్నాళ్ళుగా నా మనసులో ఉంది. అది ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్ల సంగతి, అంటే ఇంజిన్‌ని బండి బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మల సంగతి.

ఈ మధ్య చంద్రగిరి పక్క పల్లె నుంచి ఒక టీచరమ్మ మారుతి 800 తీసుకొచ్చారు. వాళ్ళ నాయన కొన్న బండి, ఆమె దాంట్లోనే స్కూలుకి పోయి వస్తారు. "అన్నా, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతా ఉండాయి, రివర్స్ వేస్తే కింద డబ్బుమంటా ఉంది, ఇంకో చోట చూపిస్తే ఇంజిన్ బోరుకొచ్చింది, దింపాల్సిందే, ఆ ఖర్చు పెట్టలేకపోతే తుక్కు కింద అమ్మేసుకోమ్మా అన్నారు" అని చెప్పారు. బోరుకొచ్చింది అంటే లోపల సిలిండర్లు అరిగిపోయాయని అర్థం. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. ముందు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి చూసినాను, మూడు సిలిండర్లూ ఒకే తీరుగా బాగా చూపించాయి, ప్లగ్గులు కూడా గోధుమ రంగులో శుభ్రంగా ఉండాయి. అంటే ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు. గేర్ బాక్స్ వైపు మౌంటింగ్ దగ్గర లైట్ వేసి చూస్తే అసలు రబ్బరే లేదు, దాని జాగాలో లారీ ట్యూబ్ ముక్కలు మడతలు పెట్టి కుక్కి, కింద ప్లేటు నుంచి పై ప్లేటు దాకా రంధ్రం వేసి పొడుగాటి బోల్టు ఒకటి దూర్చి, నట్టు ఊడకుండా వెల్డింగ్ చుక్క పెట్టి ఉన్నారు. ఇనుముకి ఇనుము ఆనింది, ఇంక వణుకు బాడీలోకి రాక ఎక్కడికి పోతాది? ఆ బ్రాకెట్ వంపు దగ్గర తుప్పు గీత సన్నగా కనిపిస్తే వైర్ బ్రష్‌తో రుద్ది చూసినాం, అది తుప్పు కాదు, పగులు. ఇంకొన్నాళ్ళు అట్లే తిరిగి ఉంటే బ్రాకెట్ ఊడి ఇంజిన్ ఒక పక్కకి వాలిపోయేది. బ్రాకెట్ మార్చి, మౌంటింగులు అన్నీ కొత్తవి వేసినాం, అదే సాయంత్రం బండి తీసుకుని ఇంటికి పోయినారు. మౌంటింగులకి అయ్యే ఖర్చెక్కడ, ఇంజిన్ దింపి బోరు చేయించే ఖర్చెక్కడ, మీరే ఆలోచించండి సార్.

ఇట్లాంటి బండ్లు నా దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తా ఉంటాయి కాబట్టే ఇంత పొడుగు రాస్తా ఉన్నా.

మౌంటింగ్ అంటే ఏదో ఇంజిన్‌ని పట్టుకునే రబ్బరు ముక్క అనుకుంటారు చాలామంది, అది చేసే పని రెండు రకాలు, ఆ రెండూ ఒకదానికొకటి పడవు. బరువైన ఇంజిన్ ముందుకీ వెనక్కీ పొర్లిపోకుండా గట్టిగా పట్టుకోవాలి, అదే టైంలో దాని వణుకు బాడీకి ఎక్కకుండా మెత్తగా ఉండాలి. 800లో ఉండేది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్ల ఇంజిన్ పుట్టుకతోనే ఆ చివరా ఈ చివరా ఊగే రకం. ఐడిలింగ్ 900 ఆర్పీఎం దగ్గర ఉందనుకోండి, సెకనుకి ఇరవై రెండు సార్లకి పైన మంట పేలతాది, ఆ ఒక్కొక్క దెబ్బనీ మింగేది ఆ రబ్బరే. అంబాసిడర్, ఓమ్ని లాంటి వెనక చక్రాలు తిరిగే బండ్లలో చక్రాలకి తిప్పుడు పంచే డిఫరెన్షియల్ వెనక ఇరుసులో ఉంటాది కాబట్టి చక్రాల దగ్గరి లాగుడు చాలావరకు ఆ ఇరుసు, దాని స్ప్రింగు కట్టలు మోసుకుంటాయి. ముందు చక్రాల బండ్లలో ఇంజిన్, గేర్ బాక్స్, డిఫరెన్షియల్ అన్నీ ఒక్కటే ముద్దగా ఉంటాయి, మొదటి గేర్లో ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, పది రెట్లకు పైగా పెరిగి చక్రాలకి పోతాది, ఆ పెరిగిన లాగుడు మొత్తం తిరిగి మౌంటింగుల మీదే పడతాది. అందుకే 800, జెన్, శాంత్రో, ఇండికా ఏదైనా సరే ఈ బండ్లలో మౌంటింగ్ పోతే అంత గట్టిగా తెలుస్తాది.

మన ఊర్లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మన బండ్లు కొండ ఎక్కే బండ్లు. తిరుమలకి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో ఇప్పుడు కిందికి దిగుతాం, 1974లో తెరిచిన రెండో దాంట్లో పైకి పోతాం. దిగే దారిలోనే 36 హెయిర్‌పిన్ మలుపులు. రెండో గేర్లో ఇంజిన్ బ్రేకింగ్ మీద దిగతా, మలుపు దగ్గర యాక్సిలరేటర్ వదలడం, మలుపు దాటినాక మళ్ళీ తొక్కడం, అట్లా తొక్కినప్పుడు ఇంజిన్ ఒక పక్కకి, వదిలినప్పుడు ఇంకో పక్కకి ఒరుగుతానే ఉంటాది. దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పట్టకూడదని రూల్ ఉంది కాబట్టి అంతసేపూ ఇదే పని. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ తిరిగే వాళ్ళకీ ఇంతే. మే నెల ఎండలో బానెట్ కింద వేడికి రబ్బరు ఎండి, పాత చెప్పు అడుగు పగిలినట్టు పగులుతాది.

ఇంక పరీక్ష ఎట్లా చేయాలో చెప్తా. వణుకు ఎప్పుడొస్తా ఉందో గమనిస్తే సగం పని అయిపోయినట్టే. బండి ఆగి ఉన్నప్పుడు, ముఖ్యంగా ఏసీ వేసినప్పుడు వణికి, కొంచెం రేజ్ చేస్తే తగ్గిపోతే మౌంటింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. రేజ్ చేసినా కూడా ఎగుడుదిగుడుగా కొట్టుకుంటా, పికప్ లేకుండా ఉంటే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్లో మంట సరిగ్గా పేలడం లేదని, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్ చూడండి. హైవే మీద 80 దగ్గర మాత్రమే స్టీరింగ్ అదిరితే వీల్ బ్యాలెన్సింగ్. క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే అదురుతా ఉంటే రెండూ కావచ్చు, క్లచ్ ప్లేటైనా కావచ్చు, మౌంటింగైనా కావచ్చు, చూడకుండా ఏదీ విప్పొద్దు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గేర్ లివర్ ఒకవైపు, వదిలినప్పుడు ఇంకోవైపు కదలతా ఉంటే మాత్రం దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

తర్వాత బానెట్ ఎత్తి హ్యాండ్ బ్రేక్ లాగి, ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని, మొదటి గేర్లో క్లచ్ కొంచెమే వదిలి బండి లాగబోయేదాకా తెచ్చి మళ్ళీ క్లచ్ తొక్కేయాలి, అదే రివర్స్‌లో కూడా. చూసే మనిషి పక్కన నిలబడాలి, బండికి ముందు గానీ వెనక గానీ నిలబడొద్దు, ఈ మాట రెండుసార్లు చెప్తా ఉన్నా అనుకోండి. ఇంజిన్ కొంచెం కదలడం మామూలే, అంగుళం లేచి ధన్‌మని కూర్చుంటే ఆ పక్క మౌంటింగ్ పోయినట్టే. ఆఖరికి ఇంజిన్ ఆపి, కింద చెక్క పలక పెట్టి జాకీతో చిన్నగా లేపి చూడండి, రబ్బరు ఇనుము నుంచి విడిపోయి ఉంటే సందు తెరుచుకుంటాది. చెక్క లేకుండా జాకీని నేరుగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ సంప్ మీద పెట్టే వాళ్ళు ఉన్నారు, ఆ రేకు లోపలికి పోయిందంటే ఆయిల్ పీల్చే స్ట్రెయినర్‌కి ఆనుకుని ఆయిల్ అందదు, అప్పుడు నిజంగానే ఇంజిన్ దింపాలి.

ఇప్పుడు మాడిఫికేషన్ సంగతి. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ చూసొచ్చిన కుర్రోళ్ళు "అన్నా, మౌంటింగ్‌లో పీయూ పోసేయ్, సాలిడ్ చేసేయ్, పికప్ బాగుంటాది" అంటారు. పీయూ అంటే పాలీయురేథేన్, రబ్బరుకంటే గట్టిది. నేను చెయ్యను అంటే ఇంకో చోటికి పోతారు. అసలు కంపెనీ రబ్బరులో ఆ ఖాళీలు ఊరికే వదలలేదు, తక్కువ కదలికకి మెత్తగా ఉండి, ఎక్కువ కదిలితే రబ్బరు గోడ ఆనుకుని గట్టిగా పట్టుకోవాలనే ఆ సందులు పెట్టినారు. అద్దాలు అతికించే పీయూ సీలెంట్ తెచ్చి వాటిని నింపేస్తే ఆ మెత్తదనం పోయింది. మామూలుగా మౌంటింగ్ రబ్బరు, గట్టిదనం కొలిచే షోర్ ఎ లెక్కలో 45 నుంచి 60 మధ్య ఉంటాది, పీయూ బుష్‌లు, అంటే గొట్టం చుట్టూ ఉండే దిమ్మలు, 70 నుంచి 95 దాకా పోతాయి. ఆ తేడా రేస్ డ్రైవర్‌కి పనికొస్తాది, వాళ్ళు ఒంటి నొప్పులు చూసుకోరు, ప్రతి రేసుకీ బండి విప్పి బిగిస్తారు. మన బండిలో ముసలి నాయనమ్మ, చంటి బిడ్డ కూర్చుంటారు, డాష్‌బోర్డు గడగడలాడతాది, రేడియేటర్ కాళ్ళు, సైలెన్సర్ బెండు, బాడీ వెల్డింగులు ఒకటొకటిగా పగలతాయి. ఇంజిన్ పికప్ ఒక్క చుక్క కూడా పెరగదు, తొక్కిన వెంటనే కదిలినట్టు అనిపిస్తాది, అంతే.

నేను ఒప్పుకునేది ఒక్కటి. ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టే టార్క్ రాడ్ ఉండే బండ్లలో, రాడ్ చివర బుష్ మాత్రం కంపెనీ దానికంటే కొంచెం గట్టిది వేస్తే, ఘాట్ ఎక్కువ తిరిగే వాళ్ళకి గేర్ మార్చేటప్పుడు ఆ కుదుపు తగ్గుతాది. అది కూడా లేత్ షాపులో సరిగ్గా ప్రెస్ చేయించాలి, సుత్తితో కొట్టి దించితే లోపలి గొట్టం పక్కకి పోతాది. బరువు మోసే మౌంటింగుల జోలికి మాత్రం పోవద్దు.

మౌంటింగ్ పోతే వణుకేగా అని తీసిపారేయొద్దు. 1971లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు దాదాపు 67 లక్షల షెవర్లే బండ్లని వెనక్కి పిలిచారు, 1965 నుంచి 1969 దాకా చేసినవి. మౌంటింగ్ తెగి ఇంజిన్ పైకి లేస్తే యాక్సిలరేటర్ లింకు లాగబడి బండి దానంతట అదే దూకడం అందుకు కారణం. ఇంజిన్ లేవకుండా కేబుల్‌తో కట్టి ఇచ్చారు. మన పాత బండ్లలో కూడా యాక్సిలరేటర్ కేబుల్ ఇంజిన్ మీదకే పోతాది, 36 మలుపులు దిగేటప్పుడు అట్లా జరిగితే ఏమవుతాదో చెప్పక్కర్లేదు.

కొత్తవి వేసేటప్పుడు కూడా తొందరపడతా ఉన్నారు మావాళ్ళు. పాతది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేస్తే అదీ పోతాది. ఇంజిన్ పైన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ లీకై ఆయిల్ చుక్కచుక్కగా మౌంటింగ్ మీద పడతా ఉంటాది, ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి, గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తబడిపోతాది. ముందు ఆ లీకు ఆపండి. ఒకటి పోయిందంటే దాని బరువు మిగతావి మోసి ఉంటాయి కాబట్టి అన్నీ చూసి, సందేహం ఉన్నవన్నీ కలిపి మార్చండి. బోల్టులన్నీ చేత్తో తిప్పి వదిలి, జాకీ దించి ఇంజిన్ దాని బరువు మీద అది కూర్చున్నాక, ఒకసారి అటూఇటూ ఊపి అప్పుడు బిగించాలి, ముందే ఒకటి టైట్ చేసేస్తే రబ్బరు మెలి తిరిగిపోయి కొత్త మౌంటింగ్ మీద కూడా వణుకు అట్లే ఉంటాది, కస్టమర్ మనల్ని తిట్టుకుంటా పోతారు. కొన్ని బండ్లలో లోపల లిక్విడ్ ఉండే మౌంటింగ్ వస్తాది, అది కారిపోతే చవగ్గా దొరికిందని మామూలు రబ్బరుది వేయొద్దు.

స్పేర్ పార్టుల షాపుల వాళ్ళకి కూడా ఒక మాట. రబ్బరు షెల్ఫ్‌లో పెట్టినా ముసలిదవుతాది. ప్యాకెట్ మీద తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలని చట్టమే చెప్తా ఉంది, అవి గీకేసిన డబ్బాలు మాకు అంటగట్టొద్దు. కొనే వాళ్ళు బిల్లు అడగండి, మెకానిక్‌ని తీసిన పాత మౌంటింగ్ చూపించమని అడగండి, అడిగితే కోపం తెచ్చుకునే మెకానిక్ దగ్గరికి పోవద్దు. డూప్లికేట్ అంటగడితే 1915కి ఫోన్ చేయొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి అయిపోతాది, తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకొకసారి రెన్యూవల్ చేసుకుంటా ఉన్నారు జనం. కొత్తది కొనలేకే కదా సార్ అంత తిప్పలు పడేది. అట్లాంటి వాళ్ళ దగ్గర ఇంజిన్ పోయిందని అబద్ధం చెప్పి డబ్బులు గుంజడం పాపం.

మీకు నా విన్నపం ఒకటే. మన ఊర్లో ఎస్వీ పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐలు ఉన్నాయి. షెడ్లలో పని నేర్చుకునే పిల్లోళ్ళకి ఆదివారం పూట ఒక క్లాసు పెట్టి ఏ వణుకు దేనివల్ల వస్తాదో, విప్పకముందు ఏం చూడాలో నేర్పించమని మీ పేపర్ ద్వారా అడగండి. వాళ్ళు పెడితే నేను వచ్చి నాకు తెలిసింది చెప్తాను, డబ్బులేం వద్దు. ఆయిల్ తాగి ఉబ్బినవి, ఎండి చీలినవి, బోల్టు దూర్చినవి, పీయూ పోసినవి, అన్ని రకాల పాత మౌంటింగులు షెడ్డులో పక్కన పెట్టి ఉంచినాను, అవి కూడా పట్టుకొస్తా.

ఇట్లు,
ఒక కారు మెకానిక్,
రేణిగుంట రోడ్డు, తిరుపతి.