పౌర విమానయాన శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

ఈ విన్నపానికి నలుగురూ సాక్షులుగా ఉండాలని బహిరంగంగా రాస్తున్నాను. 2021 ఏప్రిల్‌లో, కరోనా రెండో దశలో, ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న రోజుల్లోనే మన దేశం నుంచి మాల్దీవులకు విహారయాత్రలు సాగాయి. నిబంధన ఏదీ అడ్డుకోలేదు గనుక తప్పు లేదని వెళ్లినవారు అనవచ్చు. కానీ సుమారు 5 లక్షల జనాభా గల ఆ ద్వీపదేశంలో, రిసార్టు గదులు శుభ్రం చేసి, భోజనం వడ్డించే పనివారికి అతిథులకు దూరంగా ఉండే వెసులుబాటు లేదు. అందుకే దాన్ని నేను స్వార్థమనే అంటాను. చివరకు మే 13 నుంచి దక్షిణాసియా పర్యాటకుల రాకను మాల్దీవులు నిలిపివేయవలసి వచ్చింది.

అంతకుముందే, ఏప్రిల్ చివరి వారంలో, యూఏఈ, కువైట్ మన దేశం నుంచి వచ్చే విమానాలను ఆపేశాయి. సెలవుపై వచ్చిన జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల వలస కార్మికులు, వీసా గడువు దాటితే కొలువు పోతుందన్న భయంతో, అప్పుల వడ్డీ లెక్కపెట్టుకుంటూ ఇళ్లలోనే ఉండిపోయారు. విహారాన్నీ బతుకుతెరువునూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

కాబట్టి, మళ్లీ మహమ్మారి వస్తే వినోదయాత్రలను అన్నిటికంటే ముందుగా నిలిపి, కార్మికులు, రోగులు, విద్యార్థులు, ఆప్తుల అంత్యక్రియలకు వెళ్లేవారి ప్రయాణాలను చివరిదాకా కొనసాగించే లిఖిత నియమావళిని ఇప్పుడే రూపొందించి ప్రజల ముందుంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గల్ఫ్ కార్మికుని కుటుంబ సభ్యుడు