ఈసారి మ్యూజియంలో మూడే వస్తువులు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఎస్‌ఏ-1 పరీక్ష మార్కుల సంగతి వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో (పీటీఎం) మాట్లాడుకుందాం. ఈ నెల ఉత్తరం మన డ్రాయింగు టీచరు గారి గురించీ, ఆవిడ స్నేహితురాలి గురించీ. ఎందుకంటే వచ్చే రెండో శనివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని వాళ్లిద్దరికీ అప్పగించి పాతబస్తీకి పంపుతున్నాం.

ఇద్దరూ మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో కలిసి చదువుకున్నారు. మన టీచరు గారిది పెయింటింగు, స్నేహితురాలిది శిల్పం. కాలేజీ అయిపోయింది గానీ ఇద్దరి తిరుగుళ్లు ఆగలేదు. సెలవు దొరికితే చాలు, భుజాన సంచీ తగిలించుకుని ఊళ్లో ఏదో ఒక మూల తేలతారు. పైగా వంశం వారి సమాధుల దగ్గర సున్నపు నగిషీ చూస్తూ ఒక పూట, ధూల్‌పేటలో వినాయకులకు రంగులు పడుతుంటే అక్కడ ఒక పూట. ఈ మధ్య నేనూ వాళ్ల వెంట పడ్డాను. పిల్లల్ని పంపాలన్న ఆలోచన అక్కడ పుట్టిందే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా విగ్రహం మీరంతా చూసే ఉంటారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము వెళ్లినప్పుడు కొని తెచ్చుకున్నారు. దాని ముందు మనం సాధారణంగా చేసేది ఒకటే: ‘అబ్బ, రాయేనా ఇది!’ అనుకుని, ఒక ఫోటో తీసుకుని, పక్క గదిలోకి వెళ్లిపోతాం. వీళ్లిద్దరూ అక్కడే చతికిలబడ్డారు. శిల్పి అయిన స్నేహితురాలు ముఖం జోలికి పోకుండా ముసుగు మడతల దగ్గర వంగి చూడటం మొదలుపెట్టారు. “గుడ్డ వేరు, ముఖం వేరు అనుకుంటాం. అంతా ఒకటే రాయి. మడత ఉన్నచోట కాస్త ఎత్తుగా ఉంచాడు, మిగతాది నున్నగా వదిలేశాడు. పల్చటి గుడ్డ ఉందని చెప్పేది మన కన్నే” అన్నారు. టీచరు గారు ఒప్పుకోలేదు. “నాకు రాయి కనబడట్లేదే, నీడ కనబడుతోంది. వెలుగు ఇటు కాకుండా అటు నుంచి పడితే ఆ ముసుగు ఇలా ఉండదు” అని ఆవిడ వాదన. చాలాసేపు సాగింది. చివరికి నోటుపుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే విగ్రహమంటే ఎవరూ నమ్మరు. ఒకదాన్నిండా సన్నటి గీతలు. రెండోదాంట్లో గీతే లేదు, పెన్సిలు పక్కకి వాల్చి రుద్దిన నలుపు, మధ్యలో వదిలేసిన కాగితపు తెలుపు.

ఇంకో సంగతి అక్కడే గమనించాను. పన్నెండు కావస్తుంటే జనమంతా సంగీత గడియారం దగ్గరికి పరుగు తీస్తారు. చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండు గంటలు కొట్టేదాకా మిగతా గ్యాలరీలు బోసిగా ఉంటాయి. వీళ్లు గీసుకోవడానికి కావాలని ఆ వేళే ఎంచుకుంటారట. మన పిల్లలకు గడియారం చూపించబోమని కాదు. పదకొండింటికే చూపించేస్తాం, పదకొండుకైనా పన్నెండుకైనా వచ్చి కొట్టేది ఆ బొమ్మే కదా.

మెఫిస్టోఫెలిస్, మార్గరెట్టా బొమ్మ దగ్గర పిల్లలకు మంచి పని దొరుకుతుంది. ఒకే కొయ్య దుంగను ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మగవాడు, వెనక నుంచి చూస్తే తల వంచుకున్న ఆడపిల్ల. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఒక్క చోట నిలబడి రెండూ చూడొచ్చు. మన పిల్లలను మాత్రం అద్దం చూడనివ్వరు. ఇద్దరేసి పిల్లల జంటలో ఒకరు ముందువైపు, ఒకరు వెనకవైపు వీలైనంత పక్కకి జరిగి నిలబడి గీస్తారు. తర్వాత నోటుపుస్తకాలు మార్చుకుని, భుజం ఎక్కడ భుజంతో కలుస్తుందో, వాడి అంగీ అంచు ఎక్కడ ఆమె గౌను అవుతుందో వెతుక్కోవాలి. చేసి చూడమని నాకూ పెన్సిలు ఇచ్చారు. నా బొమ్మ ఈ వార్తాలేఖలో వేయడం లేదు.

మూడోది పిల్లల ఇష్టం. బిద్రీ (నల్ల లోహం మీద వెండి నగిషీ) హుక్కా కావచ్చు, కత్తి పిడి కావచ్చు, పింగాణీ గిన్నె కావచ్చు. ఇద్దరూ మాట్లాడుకుని ఒకటే ఎంచుకోవాలి. మ్యూజియం మొత్తం మీద ఆ పూటకు చూసేది ఈ మూడే, గడియారం లెక్కలోకి రాదు. ‘అంత దూరం వెళ్లి మూడేనా’ అని మీలో కొందరైనా అంటారు. మా స్టాఫ్‌రూములోనూ అన్నారు. గ్యాలరీల్లో వరస కట్టించి నడిపిస్తే బస్సెక్కాక పిల్లలకు గుర్తుండేది ఐస్‌క్రీమే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడికి దగ్గర్లోనే ఉన్న బాద్షాహీ ఆషుర్ఖానాకు నడిచి వెళ్తారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1594లో కట్టించాడు, అంటే చార్మినార్ లేచిన మూడేళ్లకు. లోపలి గోడల మీద రంగు పలకల పని ఉంది. పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలను కోసి ఒకదానికొకటి అతికించి కలశాలు, తీగలు, ఆలంల (పీర్ల) ఆకారాలు పేర్చారు. 1908 మూసీ వరదకు కింది భాగంలో పలకలు దెబ్బతింటే, తర్వాత ఆ మేరకు రంగులు పూసి సరిపెట్టారు. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే పలక ఎక్కడ ఆగిందో, కుంచె ఎక్కడ మొదలైందో తేడా తెలుస్తుంది. ఆ గీత కనిపెట్టడమే అక్కడ పిల్లల పని. అది పీర్లు నిలిపే చోటు, ఇప్పటికీ మజ్లిసులు (మొహర్రం సంతాప సభలు) జరిగే చోటు. చెప్పులు బయట విడవాలి, గొంతు తగ్గించాలి, గోడను ముట్టుకోకూడదు.

మక్తా ఈసారి ప్రయాణంలో లేదు. రాజ్‌భవన్ దగ్గరి ఆ బస్తీ ఇళ్ల గోడల మీద 2016లో చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. ఎండకూ వానకూ రంగు వెలుస్తున్న బొమ్మలను మళ్లీ దిద్దించాలా, అలాగే వదిలేయాలా అన్నది స్నేహితురాళ్లిద్దరి మధ్య తెగని పంచాయితీ. దిద్దించాలని టీచరు గారు. అది ఇల్లుగలవాళ్ల గోడ, వాళ్లు సున్నం కొట్టుకుంటామన్నా మనం అడగకూడదని స్నేహితురాలు. నేను స్నేహితురాలి వైపే. పిల్లల్ని వేసవి సెలవుల ముందు అక్కడికి తీసుకెళ్లినప్పుడు వాళ్లేమంటారో చూడాలి.

జంటలు టీచరు గారే వేస్తారు. బొమ్మలు బాగా వేసే పిల్లల పక్కన ‘నాకు డ్రాయింగు రాదు మేడమ్’ అనే పిల్లలు ఉంటారు, కావాలనే. ‘మా వాణ్ణి వాడి ఫ్రెండుతో వేయండి’ అని ఫోన్లు చేయొద్దని మనవి. ఇప్పటికే రెండు వచ్చాయి.

దీనికి మార్కులున్నాయా అంటే లేవు. ఎఫ్‌ఏ పరీక్షల మార్కుల్లోనూ కలపం. సెలవు రోజు కాబట్టి బలవంతం కూడా లేదు, పంపాలనుకున్న వారు బుధవారంలోగా డైరీలో సంతకం చేసి పంపండి. పిల్లలు ఇంటికొచ్చాక ‘ఏమేం చూశావు’ అని కాకుండా నోటుపుస్తకం చూపించమనండి. ‘ఇది బాలేదు’ అని మీరు అనుకున్న పేజీ దగ్గర కాస్త ఆగి, పక్కవాడు అదే బొమ్మను ఎలా గీశాడో అడగండి.

బస్సు ఉదయం తొమ్మిదింటికి బడి గేటు దగ్గర బయల్దేరుతుంది, సాయంత్రం నాలుగున్నరకు తిరిగొస్తుంది. పులిహోరో పెరుగన్నమో డబ్బాలో పెట్టండి, నీళ్ల సీసా మరవకండి. తేలిగ్గా విప్పుకునే చెప్పులు వేయండి, లేసుల బూట్లు వద్దు. ఫోన్లు వద్దు. గీతల్లేని నోటుపుస్తకం, 2బి పెన్సిలు ఒకటి, 6బి ఒకటి, చెక్కుకునే షార్ప్‌నరు చాలు. రబ్బరు మాత్రం పెట్టకండి. ఎవరి సంచీలోనైనా కనబడితే సాయంత్రం దాకా తన దగ్గరే ఉంచుకుంటానని టీచరు గారు ముందే చెప్పారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు