రంగు కన్నా ముందు పిడి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. చిన్న చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసే అభిరుచి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఇష్టంగా చదివాను. కుంచెల ఎంపిక, రంగులు పలచన చేసుకునే తీరు చక్కగా వివరించారు గానీ, రంగు వేస్తున్నంతసేపూ ఆ బొమ్మను దేనితో పట్టుకోవాలన్న మాట అందులో ఎక్కడా కనిపించలేదు. కొత్తవారు నిరుత్సాహపడేది సరిగ్గా అక్కడే.

మొదట్లో నేను 28 మిల్లీమీటర్ల లోహపు సైనికుణ్ణి వేళ్ల మధ్య పట్టుకునే రంగు వేసేవాణ్ణి. మూడో రోజుకు టోపీ అంచున, భుజం మీద రంగు అరిగిపోయి లోహం తెల్లగా బయటపడింది. తప్పు రంగుదేననుకుని మరో సీసా తెచ్చుకుంటే అదీ అలాగే పోయింది. చేతి జిడ్డు అంటిన చోట అక్రిలిక్ రంగు గట్టిగా పట్టదనీ, పైన వార్నిష్ పడేదాకా ఎత్తుగా ఉన్న అంచులు వేళ్ల ఒరిపిడికి ఆగవనీ నాకు ఆలస్యంగా తెలిసింది.

అందువల్ల బొమ్మను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాక, ప్రైమర్ (రంగు పట్టేందుకు ముందుగా వేసే పూత) కొట్టక ముందే, దాన్ని ఒక పిడికి బిగించాలి. ఖాళీ మాత్రల డబ్బా, సీసా బిరడా, కొయ్య దిమ్మ, ఏదైనా సరే. పెన్సిలంత సన్నని పిడిని నొక్కి పట్టుకోవలసి రావడంతో వేళ్లు త్వరగా తీపు పెడతాయి కనుక, అరచేతిలో నిండుగా ఇమిడేది మేలు. తేలికైన ప్లాస్టిక్ బొమ్మకు బ్లూ టాక్ అనే మెత్తని జిగురు ముద్ద చాలు. బరువైన లోహపు బొమ్మ దాని మీద మెల్లగా ఒరిగిపోతుంది. దాని పాదంలో 1 మిల్లీమీటరు రంధ్రం చేసి, తీగ ముక్క దించి, ఆ తీగను బిరడాలో గుచ్చితే కదలదు. సూపర్ గ్లూ చుక్కతోనూ అంటించవచ్చు. అది లాగితే ఆగుతుంది గానీ పక్క నుంచి పడే దెబ్బకు ఊడుతుంది కాబట్టి, చివర్లో విడదీసేటప్పుడు బొమ్మను పట్టి మెలిపెట్టకుండా పాదం కింద పలుచని బ్లేడు దూర్చాలి. సన్నని చీలమండలు విరిగేది ఆ మెలికకే.

చెయ్యి వణుకుతుందని ఈ అభిరుచినే మానుకున్నవారిని నేను ఎరుగుదును. మోచేతులు బల్లకు ఆనించి, పిడి పట్టిన చేతి మణికట్టుకు కుంచె పట్టిన చేతిని తాకించి ఉంచితే రెండు చేతులూ కలిసే కదులుతాయి, దాంతో కుంచె కొన కంటి గీత దాటిపోవడం చాలావరకు తగ్గుతుంది. కుంచెను వంకరగా తిప్పే బదులు పిడినే తిప్పుకోవచ్చు; తలకిందులు చేస్తే అంగీ మడతల లోపలి నీడలు కూడా అందుతాయి.

డాలు వంటి భాగాలను విడిగా రంగు వేసేవారు తీగను అతుకు పడే చోటే గుచ్చితే రంధ్రం తరువాత కనబడదు. ప్లాస్టిక్ సిమెంటు అనే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది కనుక ఆ చోట రంగు పడకూడదు.

ఈ విషయంపై మళ్లీ వ్యాసం వేసేటప్పుడు, కుంచెల బొమ్మ కన్నా ముందు పిడికి బిగించిన బొమ్మ ఫొటో ఒకటి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు