ఇటలీ పత్రికలను లొంగదీసింది చట్టమే

సంపాదకులకు,

ఇటలీ ఫాసిజం మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివితే, 1922 అక్టోబరులో ముస్సోలినీ నల్లచొక్కాల దళాలు రోమ్ చేరగానే అక్కడి పత్రికల నోళ్లు మూతపడ్డాయనిపిస్తుంది. అలా జరగలేదు. ముస్సోలినీ ప్రధాని అయ్యాక కూడా నాలుగేళ్లు ప్రతిపక్ష పత్రికలు అచ్చవుతూనే వచ్చాయి. కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీ స్థాపించిన 'లునితా' పత్రిక తొలి సంచిక వెలువడిందే 1924 ఫిబ్రవరి 12న. పత్రికాఫీసులు తగలబెట్టిన మాట నిజమే. మిలాన్‌లో సోషలిస్టుల పత్రిక 'అవంతి' మీద ఫాసిస్టులు 1919 ఏప్రిల్‌లోనే పడ్డారు. కానీ కాలిపోయిన పత్రిక మళ్లీ లేచేది.

1848 నాటి రాజ్యాంగ శాసనం, 28వ అధికరణంలో, పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చి, దుర్వినియోగాన్ని అణచడం చట్టానికి వదిలింది. ప్రతి పత్రికకూ ప్రభుత్వానికి జవాబుదారీగా ఒక బాధ్యుడు ఉండాలన్న నియమం అప్పటిదే. కేసు పడితే జైలుకు పోయేది ఆయనే కాబట్టి, చాలా పత్రికలు పేరుకో మనిషిని పెట్టుకునేవి. ఫాసిస్టులు ఈ పిలకే దొరకబుచ్చుకున్నారు. మన దగ్గర బ్రిటిష్‌వాళ్ల 1910 ప్రెస్ చట్టం ధరావతు సొమ్ము పేరుతో పీక నొక్కితే, అక్కడ మనిషినే పట్టుకున్నారు.

1923 జులై 15న పత్రికల మీద డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, సిద్ధమైంది. దాన్ని గెజిట్‌కెక్కించకుండా ఏడాది దాచారు. 1924 జూన్ 10న సోషలిస్టు ఎంపీ మత్తెయోత్తిని ఫాసిస్టులు ఎత్తుకుపోయాక పత్రికలు ముస్సోలినీని నిలదీశాయి. జులై 8న డిక్రీ బయటికొచ్చింది. ఇక ప్రిఫెక్ట్, అంటే ఇంచుమించు మన కలెక్టరు, బాధ్యుడికి హెచ్చరిక ఇవ్వొచ్చు. ఏడాదిలో రెండు పడితే గుర్తింపు రద్దు చేయొచ్చు, అతని స్థానంలో వచ్చినవాణ్ణి గుర్తించనని కూడా అనొచ్చు. బాధ్యుడు లేనిదే పత్రిక రాకూడదు. కోర్టు తీర్పుతో పనిలేదు.

రెండ్రోజులకే ఇంకో డిక్రీ వచ్చి ప్రిఫెక్టుకు జప్తు అధికారం ఇచ్చింది. నన్నడిగితే హెచ్చరిక కన్నా ఇదే పెద్ద దెబ్బ. కాగితం, సిరా, కూలి అన్నీ ఖర్చయ్యాక, అమ్మకానికి వెళ్లాల్సిన కట్టలు పోలీసుల చేతికి పోతాయి. చందాదారుకు పేపరు అందదు, ప్రకటనలిచ్చేవాడు జారుకుంటాడు. ఇలా పదేపదే జరిగితే యజమానే దారికొస్తాడు.

మిలాన్ దినపత్రిక 'కొరియెరె దెల్లా సెరా'లో చూడండి. 1900 నుంచి దాన్ని నడిపిన లుయీజి అల్బెర్తీనిని 1925 నవంబరులో సాగనంపింది పోలీసులు కాదు, వాటాదారులైన క్రెస్పి కుటుంబం. భాగస్వామ్య ఒప్పందంలో లొసుగు చూపించి పంపేశారు. అవే పేజీలు, అదే మకుటం. మాట ఒక్కటే మారింది. డిసెంబర్ 31న వచ్చిన చట్టం ఈ పద్ధతిని స్థిరపరిచింది. పేరుకు పెట్టుకున్న బాధ్యుడు పోయి, అప్పీలు కోర్టు ప్రొక్యూరేటర్ జనరల్, అంటే ప్రధాన ప్రాసిక్యూటరు, గుర్తించిన 'బాధ్య సంపాదకుడు' వచ్చాడు. వృత్తి చేయాలంటే పేరు ఉండాల్సిన పాత్రికేయుల జాబితా కూడా ఆ చట్టం తెచ్చిందే. దేశ ప్రయోజనాలకు విరుద్ధంగా పనిచేశారన్న ముద్ర పడితే అందులో చోటు లేదని 1928 నియమావళి చెప్పింది.

1926 అక్టోబరు 31న బొలోన్యాలో ముస్సోలినీ మీద కాల్పులు జరిగాయి. ఆ సాకుతో మిగిలిన ప్రతిపక్ష పత్రికలనూ ఆపేశారు. ఆ తర్వాత జప్తుల అవసరమే పెద్దగా పడలేదు. ఏ వార్త మొదటి పేజీలో వేయాలి, నేరవార్తలు ఎంత తగ్గించాలి అన్న ఆదేశాలు పల్చటి కార్బన్ ప్రతుల మీద పత్రికాఫీసులకు అందేవి. 1937 నుంచి ఆ పని చూసింది ప్రజా సంస్కృతి మంత్రిత్వ శాఖ.

1948 రాజ్యాంగంలోని 21వ అధికరణం ఈ అనుభవంతో రాసిందే. అనుమతి, సెన్సారు రెండూ నిషేధం. అత్యవసరంగా పోలీసులు జప్తు చేసినా 24 గంటల్లోగా న్యాయాధికారికి తెలపాలి. మరో 24 గంటల్లో ఆయన ఆమోదించకపోతే జప్తు చెల్లదు. చిత్రంగా, బాధ్య సంపాదకుడు మాత్రం నేటికీ ఇటలీలో ప్రతి పత్రికకూ ఉన్నాడు. ఆయన పేరు ఇప్పుడు కోర్టు రిజిస్టరులో నమోదవుతుంది. ప్రొక్యూరేటర్ గుర్తింపుతో పనిలేదు.

– ఒక చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు